రెండో తూటా రావాలి

పెద్ద బోరు రైఫిల్ కట్టించుకుంటున్నానని తెలిసిన ప్రతివారూ మొదట అడిగేది క్యాలిబర్, అంటే గొట్టం లోపలి కొలత. తర్వాత స్కోప్. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, ఖర్చు. తూటాలు పేర్చుకునే మ్యాగజైన్ పెట్టె వెడల్పు ఎంత అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా డబ్బూ నిద్రా ఎక్కువగా పోయింది అక్కడే కాబట్టి, ఎవరూ అడక్కపోయినా చెబుతాను.

నేనుండేది హ్యూస్టన్‌లో. చమురు బావులకు వాల్వులు చేసే కంపెనీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. టెక్సాస్‌లో అడవి పందులు, తెల్లతోక జింకల వేట నాకు ఏనాటి నుంచో అలవాటు. వచ్చే ఏడాది జింబాబ్వేలో, జాంబెజీ లోయలో కేప్ బఫెలో, అంటే ఆఫ్రికా అడవి దున్న, వేటకు వెళ్లాలి. అనుమతి, కోటా, వెంట లైసెన్సున్న వృత్తి వేటగాడు, అన్నీ చట్టప్రకారం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసింది, ముగియడమే మంచిదైంది. వేటాడవచ్చా కూడదా అనే వాదన మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ జరుగుతూనే ఉంది, ఇక్కడ కూడా పెట్టను.

కేప్ బఫెలో సంగతి తెలిసినవాళ్లందరిదీ ఒకే మాట. మొదటి దెబ్బ సరైన చోట పడినా అది వెంటనే పడిపోదు. పొదల్లోకి పోతుంది, లేదా మన మీదికి వస్తుంది. అందుకే అది నిలబడి ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉండమంటారు. మొదటి తూటా ఎలాగూ చాంబర్‌లో, అంటే పేలే గదిలో, కూర్చునే ఉంటుంది, దాన్ని పేల్చడానికి ఏ రైఫిలైనా సరిపోతుంది. చేతులు వణుకుతుండగా, తూటాను లోపలికి తోసే బోల్టును కంగారుగా లాగి తోసినా, రెండోది వచ్చి కూర్చోవాలి. నా ఎంపికలన్నీ ఈ ఒక్క అవసరం నుంచి పుట్టినవే.

ముందు క్యాలిబర్ సంగతి తేల్చేస్తాను. తెలివైనవాడు .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తీసుకుంటాడు. 1912 నాటి తూటా. ఆఫ్రికాలో చాలా దేశాలు పెద్ద జంతువులకు కనీస అర్హతగా చూసేది దాదాపు దాన్నే. పైగా విమానంలో మీ తూటాల పెట్టె తప్పిపోయినా అక్కడి దుకాణాల్లో దొరికే అవకాశం దానికే ఎక్కువ. నేను .416 రిగ్బీ తీసుకున్నాను. లండన్‌లో జాన్ రిగ్బీ కంపెనీ 1911లో తెచ్చిన తూటా ఇది. 400 గ్రెయిన్ల (దాదాపు 26 గ్రాముల) గుండును సెకనుకు సుమారు 2,400 అడుగుల వేగంతో పంపుతుంది. అదే గుండును అంతే వేగంతో పంపే .416 రిమింగ్‌టన్ 1988లో వచ్చింది, మందు పట్టే ఇత్తడి తొడుగు చిన్నది, రైఫిలూ చవక. మరి రిగ్బీ ఎందుకు?

ఎండ. నేను పుట్టింది రెంటచింతల పక్క ఊళ్లో. వేసవిలో ఆంధ్రలో ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందని పేపరు తెరిస్తే మా వైపు పేరే ఉండేది. మే నెల మధ్యాహ్నం ఎద్దుల బండి ఇనుప పట్టా మీద చెయ్యి పెట్టినవాడికి, ఎండలో వదిలేసిన తూటా ఎంత వేడెక్కుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, పీడనం మరీ పెరిగితే ఇత్తడి తొడుగు చాంబర్ గోడలను పట్టుకుని బయటికి రానంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండు కంపెనీలు వాడిన కార్డైట్ మందుకు వేడి అసలు పడేది కాదు. అందుకే ఇండియాకు, ఆఫ్రికాకు పంపే తూటాలకు కావలసినదానికన్నా పెద్ద తొడుగులు చేసి, పీడనం తక్కువలో ఉంచేవాళ్లు. అమెరికా ప్రమాణాల్లో రిమింగ్‌టన్ తూటా గరిష్ఠ పీడనం 65,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), రిగ్బీది 52,000. ఇప్పటి మందులు వేడికి బాగానే తట్టుకుంటాయి, నిజమే. కానీ పీడనంతో పనిచేసే వాల్వులు చూసి జీతం తీసుకునేవాడిని. అదే పని తక్కువ పీడనంతో జరుగుతుంటే ఎక్కువ పీడనం వైపు నా చెయ్యి పోదు.

ఇండియా మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో .450 బోరు ప్రైవేటు రైఫిళ్లను నిషేధించింది. సైన్యంలోని పాత మార్టినీ హెన్రీ తుపాకుల బోరూ అదే కావడంతో, తిరగబడేవాళ్లకు గుండ్లు అందుతాయని భయం. దాంతో లండన్ కంపెనీలు హడావిడిగా .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. ఈనాటికీ ఆఫ్రికాలో డబుల్ రైఫిల్, అంటే రెండు గొట్టాల రైఫిల్, అనగానే .470 పేరు ముందు వస్తుంది. దాని పుట్టుక వెనక మన వాళ్లంటే ఉన్న భయం ఉందని తెలిశాక నాకు ఆ తూటా మీద ఒక రకమైన అభిమానం ఏర్పడింది. డబుల్ రైఫిల్ కొనే స్తోమత మాత్రం ఏర్పడలేదు.

ఇక యాక్షన్, అంటే బోల్టు ఆడే ఉక్కు యంత్రాంగం. మౌజర్ 98 తరహా తప్ప వేరేది వద్దని ముందే నిర్ణయించుకున్నాను. ఇందులో బోల్టు పక్కన పొడవాటి ఉక్కు పంజా ఒకటి ఉంటుంది. తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేస్తూనే దాని అంచు ఈ పంజా కిందికి జారుతుంది. అక్కడి నుంచి బయట పడేవరకు ఆ పట్టు వదలదు. మామూలు వేట రైఫిళ్లలో చాలావాటికి ఈ పద్ధతి లేదు. బోల్టు తూటాను ముందుకు నెడుతుందే తప్ప, చివరిదాకా మూసేవరకు పట్టుకోదు. కంగారులో పూర్తిగా మూయకుండా వెనక్కి లాగారనుకోండి, ఆ తూటా చాంబర్‌లోనే ఉండిపోతుంది, తర్వాతిది వచ్చి దాని వీపులో గుచ్చుకుంటుంది. జింక వేటలో అయితే నవ్వుకుని సరిచేసుకోవచ్చు.

కొత్త మాగ్నమ్ మౌజర్ యాక్షన్ ఒక్కటే విడిగా కొంటే మంచి కారు ఇంజను ధర. అందుకని వాడిన సీజెడ్ 550 మాగ్నమ్ ఒకటి, .416 రిగ్బీలోనే వచ్చినది, వెతికి పట్టుకున్నాను. చెక్ దేశపు తయారీ, ఇప్పుడు ఉత్పత్తి ఆగిపోయింది. చూడటానికి మొరటుగా, దుక్కగా ఉంటుంది. కానీ రిగ్బీ పొడవుకు సరిపడా యాక్షన్, పెట్టె, బోల్టు ముఖం అన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. చిన్న తూటా కోసం చేసినదాన్ని తొలిచి పెద్దది చేసే పని పెట్టుకోవద్దని నా సలహా. స్కోప్ బిగించే గాడి కూడా యాక్షన్ ఉక్కులోనే చెక్కి ఉంటుంది. స్కోప్ పట్టీలను చిన్న మరలతో బిగించే రైఫిళ్లలో, ఈ స్థాయి తన్నుకు (పేలినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బకు) ఆ మరలు తెగిన కథలు చాలా విన్నాను.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని పక్కన ఒకటి ఎడమ, కుడి మార్చుకుంటూ పేరుకుంటాయి. వెనక నుంచి చూస్తే మూడు తూటాల అడుగులు సమబాహు త్రిభుజంగా కూర్చోవాలి. అలా కూర్చోవాలంటే పెట్టె లోపలి వెడల్పు తూటా వ్యాసానికి 1.866 రెట్లు ఉండాలి. పాల్ మౌజర్ కాలం నాటి లెక్క, పదో తరగతి త్రికోణమితి చాలు. రిగ్బీ తూటా అడుగు వ్యాసం 0.589 అంగుళాలు, అంటే వెనక వైపు పెట్టె దాదాపు 1.1 అంగుళాలు. భుజం దగ్గర వ్యాసం 0.540, కాబట్టి ముందు వైపు దాదాపు 1.01. పెట్టె ముందుకు పోయేకొద్దీ సన్నబడాలన్నమాట. మరీ ఇరుకైతే తూటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి బిగుసుకుంటాయి. మరీ వెడల్పైతే పై తూటా పక్కకు వాలి, మధ్యకు రాకుండా ముక్కు గోడకు కొట్టుకుంటుంది.

టెక్సాస్‌లోని హిల్ కంట్రీలో ఒక చిన్న ఊళ్లో ఉండే ముసలాయనకు ఈ పని అప్పగించాను. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ. నేను లెక్కలు రాసుకుని వెళ్లిన కాగితం చూసి, మడిచి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మందు, ప్రైమర్ లేని ఉత్త తూటాలకు నల్ల మార్కర్ పూసి పెట్టెలో నింపాడు. బోల్టును గోరు పెరిగినంత నెమ్మదిగా తోశాడు. తర్వాత తూటాలు బయటికి తీసి దీపం కింద తిప్పి చూశాడు. నలుపు ఎక్కడ చెరిగితే ఉక్కు అక్కడ రాసుకుంటున్నట్టు. తూటాను నడిపే కుడి వైపు పట్టాలో ఒక్క చోట, భుజం తగిలే చోట, సన్నటి మెరుపు గీత కనిపించింది. అక్కడ సానరాయితో నాలుగు సార్లు రుద్దాడు. మళ్లీ మార్కర్. మళ్లీ బోల్టు. నేను కుర్చీ వెతుక్కున్నాను. సాయంత్రానికి రైఫిల్‌ను తలకిందులుగా పట్టుకుని, మొదట మెల్లగా, తర్వాత విసురుగా బోల్టు ఆడించాడు. తలకిందులుగా కూడా ఒక్కో తూటా పంజా పట్టులో పడి లోపలికి వెళ్లింది. "ఇక దీనికి నువ్వు అలవాటు పడాలి" అన్నాడు. అప్పటి నుంచి రాత్రిపూట మా హాల్లో ఉత్త తూటాలతో సాధన. "ఏమండీ, ఆ టకటకలు గ్యారేజీలో పెట్టుకోకూడదా" అని లోపలి నుంచి వినిపిస్తుంది.

స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, విషయంలో రెండు మనసులు నాకు. ఫైబర్‌గ్లాస్ అయితే హ్యూస్టన్ తేమకు ఉబ్బదు, జాంబెజీ పొడి గాలికి కుంచించుకుపోదు. నాణ్యత తనిఖీ చేసేవాడు దానికే ఓటు వేయాలి. కానీ నాకు అక్రోటు కర్రే కావాలి. అయితే వెబ్‌సైట్లలో వేల డాలర్లు పలికే, పొగ మేఘాల్లాంటి చారలున్న టర్కీ అక్రోటు జోలికి పోలేదు. ఆ చారలంటే లోపల నార అటూ ఇటూ తిరిగిందని అర్థం. స్టాక్ విరిగేది చేతితో పట్టుకునే సన్నటి మెడ దగ్గర. అక్కడ నార మెడ వంపును అనుసరించి నేరుగా పోవాలి. మా ఊరి వడ్రంగి నాగలికి తుమ్మ కర్ర ఏరేటప్పుడు, కొమ్మ సహజంగా వంగినదాన్నే తీసుకునేవాడు, నేరు కర్రను వంపుగా చెక్కేవాడు కాదు. నేనూ అదే చూశాను. ఏ అలంకారమూ లేని, చేవ ఉన్న గోధుమరంగు దుంగ ఒకటి సగం ధరకే వచ్చింది. అమ్మినవాడు నా వైపు జాలిగా చూశాడు.

దానికి అడ్డంగా రెండు ఉక్కు బోల్టులు, యాక్షన్ కింద ఎపాక్సీ పరుపు, బ్యారెల్ కింద తన్నును ఆపే రెండో రీకాయిల్ దిమ్మ. యాక్షన్ తోక వెనక కాగితం దూరేంత ఖాళీ వదలాలి. తన్నినప్పుడు ఉక్కు తోక కర్రను గొడ్డలిలా చీల్చకుండా ఉండటానికే అది. ముసలాయన లోపలా బయటా నూనె పట్టించి మూసేశాడు. పొడవు కూడా నా కొలతకే. ఇక్కడి రైఫిళ్లు ట్రిగ్గర్ నుంచి భుజం దాకా పదమూడున్నర అంగుళాలుంటాయి. నాది అయిదడుగుల ఆరంగుళాల ఒళ్లు. పదమూడు చాలు. పొడవైన స్టాక్ తొందరలో చంకకు తగులుకుంటుంది, మరీ పొట్టిదైతే స్కోప్ కనుబొమ్మను కోస్తుంది.

బ్యారెల్ మార్చలేదు. స్నేహితులు దీనికే ఎక్కువ నొచ్చుకున్నారు. కస్టమ్ రైఫిల్ అని చెప్పి ఫ్యాక్టరీ బ్యారెల్ ఏమిటని. బఫెలోను కాల్చేది ఎనభై తొంభై గజాల లోపు. ఆ దూరంలో ఈ బ్యారెల్ గుండ్లన్నీ ఒక టీ సాసరులో పడతాయి, నాకు చాలు. ఇరవై మూడు అంగుళాలకు కోయించి, మూతి మీద కొత్త గురి ముక్క (ముందు గురి) పెట్టించాను. బెల్టు తగిలించే కొండీని స్టాక్ మీద నుంచి బ్యారెల్ మీదికి మార్చాం. స్టాక్ మీద ఉంటే తన్నినప్పుడు అది వచ్చి ఎడమచేతి వేళ్లకు కొడుతుంది.

మిగిలినవి త్వరగా. సీజెడ్‌తో వచ్చే ట్రిగ్గర్‌ను ముందుకు నొక్కితే వెంట్రుకవాసికి పేలే స్థితిలోకి వెళుతుంది. అలాంటిది బఫెలో ముందు నాకు వద్దు. తీసేసి, మూడు పౌండ్ల ఒత్తిడికి తెగే మామూలు ట్రిగ్గర్, పొరపాటున పేలకుండా ఆపే మూడు స్థానాల సేఫ్టీ మీట పెట్టించాను. స్కోప్ ఒకటి నుంచి ఆరు రెట్లది, మీట తిప్పితే ఊడి వచ్చే పట్టీలతో. మూతి దగ్గర వాయువులను పక్కలకు చిమ్మే బ్రేక్ బిగిస్తే తన్ను తగ్గుతుంది, కానీ పక్కన నిలబడ్డ, జాడ పట్టే ట్రాకర్ చెవులు పోతాయి. నా భుజం నొప్పి ఆయన చెవులకు బదిలీ చేయడం మర్యాద కాదు. పది పౌండ్ల బరువు, మెత్తటి రబ్బరు ప్యాడ్, అంతే. అయినా మామూలు జింక వేట తూటా 30-06 తన్నుకు దాదాపు మూడింతలు తన్నుతుంది. బల్ల మీద కూర్చుని కాల్చకండి, నిలబడే కాల్చండి, ఒళ్లు వెనక్కి ఊగడానికి చోటుంటుంది.

హెచ్1బీలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నకు ఒక్క మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. లాయరును అడిగాకే అడుగు వేయండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. విదేశానికి తీసుకెళ్లేవాళ్లు బయల్దేరే ముందే కస్టమ్స్ దగ్గర 4457 ఫారం వేయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఆ రైఫిల్ మీదేనని నిరూపించుకోవడం తలనొప్పి. విమానంలో తూటాల బరువు అయిదు కిలోలు దాటకూడదు.

తేలనిది ఒక్కటే మిగిలింది, ముందు గురి మీది పూస. ముసలాయన తెల్ల పూస అంటాడు. నాకు ఎర్ర ఫైబర్ పూస బాగా కనిపిస్తోంది, కానీ ఎదురెండలో అది మెరిసి అసలు పరిమాణం కన్నా పెద్దదిగా కనిపిస్తుందట. మొపానీ చెట్ల పొదల్లో, నీడలో నల్లటి దున్న మీద గురి పెట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు ఏది వాడారో, ఎందుకో రాయండి. ఈ నెలాఖరులోగా ఆయనకు చెప్పాలి.