ఓడ కంటే ముందే పెట్టె చేరాలి
కాకినాడ నుంచి విదేశీ రేవుల్లోని ఓడలకి స్పేర్లు (విడిభాగాలు) పంపే పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి చెప్పాలనిపించిందండి. సామాను పాడై ఆగేది తక్కువ, కాగితం తప్పై ఆగేదే ఎక్కువ.

ఇన్వాయిస్ మీదా, పెట్టె మీదా ‘షిప్ స్పేర్స్ ఇన్ ట్రాన్సిట్’ అని ఉండాలి. కింద ఓడ పేరు, 7 అంకెల ఐఎంఓ నంబరు (ప్రతి ఓడకీ ఉండే గుర్తింపు సంఖ్య), కెప్టెన్ పేరిట, కేరాఫ్ ఆ రేవులో ఓడ పనులు చూసే ఏజెంటు. ‘ఇన్ ట్రాన్సిట్’ అన్న మాట లేకపోతే మామూలు దిగుమతి అనుకుని సుంకం అడుగుతారు.

చెక్క పెట్టెకి ఐఎస్‌పీఎం 15 ముద్ర తప్పదు; చెక్కలో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం అది. ముద్రలో ‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు పట్టిందని అర్థం. వడ్రంగి చివర్లో అడుగున ముద్రలేని బద్దె ఒక్కటి కొట్టినా మొత్తం పెట్టె నిలిచిపోవచ్చు. దగ్గరుండి తిప్పి చూసుకోండి.

ఇంజెక్టర్ నాజిళ్ళకి నూనె రాసి, మూతలు బిగించి, దేనికది తుప్పు పట్టనివ్వని కాగితంలో చుట్టాలి. మన ఉప్పుగాలి ఊరుకోదు.

60×50×40 సెంటీమీటర్ల పెట్టె 8 కిలోలే తూగినా, విమానంలో ఆ మూడు కొలతల్ని గుణించి, 6000తో భాగించి 20 కిలోలకి కట్టించుకుంటారు. చిన్న పెట్టె వెతకండి.

ఓడ బెర్తుకొస్తుందా (రేవు గట్టుకి ఆనుకుంటుందా), యాంకరేజిలోనే (బయట సముద్రంలో లంగరేసే చోటే) ఉంటుందా అన్నది ముందే ఏజెంటుని అడగాలి. హోప్ ఐలాండ్ దగ్గర లంగరేసిన ఓడల్ని చూసే మనకి ఇది తెలిసిందే: అక్కడికి లాంచీ కావాలి. దాని కిరాయి ఓ-రింగుల్లాంటి (లీకు ఆపే రబ్బరు రింగులు) చిన్న సామాను ఖరీదుని మించిపోతుంది.

చీఫ్ ఇంజనీరు సంతకం, ఓడ స్టాంపు పడిన రసీదు వచ్చేదాకా ఫైలు మూయకండి.