క్యూబ్ అరుస్తూనే ఉంటుంది, మనకే వినబడదు

మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఎడమ చేత్తో అంచు పట్టుకుని కుడిచేతి వేలి గణుపుతో టక్కున కొట్టేది, ఖంగుమంటే బేరం మొదలు, బొదబొదమంటే కంటికి ఏ బీటా కనిపించకపోయినా పక్కన పెట్టేయడమే. ఎం.టెక్‌లో కాంక్రీట్ ల్యాబ్‌కి వెళ్ళాక నాకు గుర్తొచ్చింది అదే. అల్ట్రాసోనిక్ టెస్ట్ అంటే దాదాపు ఆ పనే కదా, ఒక వైపు నుంచి చెవికందని శబ్దపు పల్స్ పంపి రెండో వైపుకి ఎంతసేపట్లో వచ్చిందో చూస్తాం, సెకనుకి 4.5 కిలోమీటర్లు దాటితే బ్రహ్మాండం, 3 లోపు వస్తే అనుమానించాల్సిందే, లోపల బీట ఉంటే శబ్దం చుట్టు తిరిగి రావాలి కాబట్టి లేటవుతుంది.

నాకు తగిలిన ప్రాజెక్ట్ మాత్రం అకౌస్టిక్ ఎమిషన్. ఇందులో మనం కొట్టేదీ లేదు పంపేదీ లేదు, చెవి ఒగ్గి కూర్చోవడమే. స్టీల్ అయితే సాగి వంగి ముందే చెప్తుంది, కాంక్రీటూ రాయీ పింగాణీ అలా కాదు, చివరిదాకా బానే ఉన్నట్టుండి ఫట్‌మంటాయి. కానీ లోపల చిన్న బీట పుట్టిన ప్రతిసారీ సన్నటి అల ఒకటి బయటికొస్తుంది, ఎక్కువగా 100 నుంచి 300 కిలోహెర్ట్జ్‌లో, మన చెవేమో 20 దగ్గరే ఆగిపోతుంది.

మెషీన్‌లో పెట్టి నొక్కి చూడ్డానికి పోసిన కాంక్రీట్ దిమ్మనే క్యూబ్ అంటాం. ఆ అలని పట్టే సెన్సర్‌కి గ్రీజు రాసి క్యూబ్‌కి అతికించాక అది సరిగ్గా వింటుందో లేదో చూడ్డానికి ఏం చేస్తారో తెలుసా, మెకానికల్ పెన్సిల్‌లోంచి 0.5 ఎంఎం లెడ్ కాస్త బయటికి తీసి క్యూబ్ మీద ఏటవాలుగా ఆనించి పుటుక్కున విరుస్తారు! లక్షల మెషీన్‌కి పరీక్ష పెట్టేది పెన్సిల్ ముల్లు. నేను మొదటి వారం అంతా అదే విరుస్తూ కూర్చున్నా, పైగా క్యూబ్‌ని నొక్కే మెషీన్ ప్లేటు క్యూబ్‌కి రాసుకున్న చప్పుడు కూడా బీటల లెక్కలోనే పడిపోయి రెండు క్యూబ్‌ల డేటా గంగలో కలిసింది.

అసలు మజా కైజర్ ఎఫెక్ట్‌ది. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ తన డాక్టరేట్ పనిలో చూసింది ఇదే, ఒకసారి మోసిన బరువు దాకా మళ్ళీ ఎక్కించినా వస్తువు నోరు మెదపదు, అది దాటాకే మొదలెడుతుంది. మా క్యూబ్‌ని 400 కిలోన్యూటన్ల దాకా ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కిస్తుంటే స్క్రీన్ మీద, అల వచ్చినప్పుడల్లా పడే చుక్క ఒక్కటీ లేదు, 300, 350, 390... నాలుగొందలు దాటగానే చుక్కలే చుక్కలు. పాత దెబ్బ గుర్తుపెట్టుకున్నట్టే అనిపించి ఒళ్ళు జలదరించింది. అదే క్యూబ్‌ని విరిగే దగ్గరదాకా తీసుకెళ్ళి దించి ఎక్కిస్తే ఇక ఆ ఓర్పు ఉండదు, పాత లోడ్ రాకముందే గోల మొదలు. దెబ్బ గట్టిగా తగిలిందని మాకు గుర్తు అదే.

ప్రాజెక్ట్ అయ్యేసరికి నాలుగు డబ్బాల లెడ్ అయిపోయింది. బిల్లు పెడితే సెక్షన్‌లో ఆయన కళ్ళద్దాలు పైకి తోసి "బొమ్మలేస్తున్నావా బాబూ?" అన్నాడు. ఆ డబ్బులు ఇంకా రాలేదు.