ఐఈఎల్టీఎస్ రైటింగ్: 60 నిమిషాల్ల రెండు టాస్కులు ఎట్ల పూర్తి చేసిన – నా అనుభవం

నేను నల్లగొండల స్టాఫ్ నర్సుగ చేస్తున్న, యూకే పోదామని ఐఈఎల్టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసిన. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ వాళ్ళు లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌ల 9కి 7 బ్యాండ్ (స్కోరు) అడుగుతరు, రైటింగ్‌ల మాత్రం 6.5 వచ్చినా ఒప్పుకుంటరు. అయినా గానీ నాకు తెలిసిన అక్కలు చాలామంది మిగతా మూడు దాటి రైటింగ్ కాడనే ఆగిపోయిర్రు, ఇంగ్లీష్ రాక కాదు, టైం సరిపోక. గ్రామర్ గురించి చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నరు, అందుకే నేను టైం గురించే రాస్తున్న.

టాస్క్ 1ల గ్రాఫో టేబులో మ్యాపో ఇస్తరు, కనీసం 150 పదాలు రాయాలె. టాస్క్ 2 వ్యాసం, కనీసం 250 పదాలు. దానికి 20 నిమిషాలు, దీనికి 40 అని క్వశ్చన్లనే రాసి ఉంటది కానీ 20 కాంగనే ఎవ్వరూ ఆపరు, మనమే చూసుకోవాలె. లిజనింగ్, రీడింగ్ అయినంక బ్రేక్ లేకుంట ఇది మొదలైతది కాబట్టి అప్పటికే తల వేడెక్కి ఉంటది.

నేను టాస్క్ 2 ముందు రాసిన. ఎందుకంటే టాస్క్ 1 కంటె దానికి రెండింతల వెయిటేజ్ ఉంటది, గ్రాఫ్ ముందు పెట్టుకుంటే ఇంకొక్క లైను ఇంకొక్క లైను అనుకుంట అరగంట పోతది, అసలు మార్కులున్న దానికి టైం మిగలదు. మా సీనియర్ అక్క ఒక్క మాటల చెప్పింది, "క్యాజువాలిటీల ఎవరిని ముందు చూస్తం చెల్లె, సీరియస్‌గ ఉన్నోళ్ళనే గద, ఇదీ గంతే" అని. కంప్యూటర్ల రాస్తే కింద పార్ట్ 2 నొక్కి సీదా అటు పోవచ్చు, ఏ ఇబ్బంది లేదు.

అసలు టైం పోయేది టైపింగ్‌ల కాదు, ఏం రాయాల్నో ఆలోచించుడుల. నేను ఇంట్ల వ్యాసం మొత్తం రాసుడు తక్కువ, ప్లాన్ వేసుడు ఎక్కువ చేసిన. నైట్ డ్యూటీల పేషెంట్లు నిద్రపోయినంక ఒక ప్రశ్న తీసుకొని, ఫోన్ల 5 నిమిషాల టైమర్ పెట్టి నాలుగు ముక్కలు రాసుకునేది: నా అభిప్రాయం, మొదటి కారణం, రెండో కారణం, ఒక్కో దానికి ఒక ఉదాహరణ. అంతే, ఇగ ఇంకో ప్రశ్న.

ఉదాహరణల కోసం అమెరికా, జపాన్ పోవుడు అవసరం లేదు. మీకు తెలిసిన సంగతులు, మీ అనుభవంల ఉన్నయి రాయమని ప్రశ్న కిందనే ఉంటది. "ఆరోగ్యం బాధ్యత మనిషిదా, ప్రభుత్వానిదా" అనే ప్రశ్న చూడుర్రి. మా నల్లగొండ జిల్లాల మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినోళ్ళని మనం కళ్ళార చూసినం. మనిషి ఎంత మంచిగ తిన్నా, ఎంత జాగ్రత్తగ ఉన్నా బోరు నీళ్ళల్ల ఉన్న ఫ్లోరైడ్‌ని ఏం చేస్తడు, పైపులేసి కృష్ణా నీళ్ళు తెచ్చుడు సర్కారు చేసే పనే గద. ఈ ఒక్క ముచ్చటతోని పేరా మొత్తం నిండుతది, అదీ ఆగకుంట, ఎందుకంటే మనకు తెలిసిందే రాస్తున్నం. పట్నాలకు వలసలు అని ప్రశ్నొస్తే పాలమూరు కూలీలు ఉన్నరు, చదువు గురించైతే మన ఊరి బడి ఉంది. నాకు మస్తు పనికొచ్చింది ఇదే.

సెంటర్ హైదరాబాద్‌ల పడ్డది. పొద్దున బస్సుల పోతే ఎల్బీనగర్ కాడ ట్రాఫిక్ నమ్మలేం, అందుకే ముందురోజే దిల్‌సుఖ్‌నగర్‌ల మా చిన్నమ్మ ఇంటికి పోయిన.

పరీక్షల 5 నిమిషాలు ప్లాన్‌కు, 30 నిమిషాలు వ్యాసానికి పెట్టిన. 270, 280 పదాలు కాంగనే ఆపేసిన, పదాల లెక్క స్క్రీన్ మీదనే కనిపిస్తది, ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులేం రావు, తప్పులే పెరుగుతయి. టాస్క్ 1కు 20 నిమిషాలు. అండ్ల ప్రతి నంబర్ రాయొద్దు, అన్నిట్లకెల్లి ఎక్కువ ఏది, తక్కువ ఏది, ఏది బాగ మారింది అని చూసుకొని, మొత్తం మీద ఏం కనిపిస్తుందో రెండు లైన్లల్ల ఓవర్‌వ్యూ ముందే రాసేయాలె. అది లేకపోతే మిగతాది ఎంత మంచిగున్నా బ్యాండ్ తగ్గుతది.

ఆఖరి 5 నిమిషాలు కొత్త లైన్ ఒక్కటి కూడ రాయలే. స్పెల్ చెక్ ఉండదు కాబట్టి స్పెల్లింగులు చూసిన, క్రియ చివర ఎస్ పెట్టాల్సిన కాడ పెట్టిన్నా లేదా, "ద" (the) ఎక్కడన్న వదిలిపెట్టిన్నా అని చూసిన. మొత్తం చదవడానికి టైం ఉండదు, ఎవరికి ఏ తప్పు అలవాటో అదే వెతుక్కుంటే చాలు.

రైటింగ్‌ల 6.5 వచ్చింది, మిగతా మూడిట్ల 7 దాటినయ్. ఇప్పుడు యూకేల నర్సుగ రిజిస్టర్ కావడానికి కంప్యూటర్ల రాసే పరీక్ష సీబీటీకి చదువుతున్న, అది రాసినంక దాని గురించి కూడ రాస్త.