నడపనీకి ఒకటి, పీకనీకి ఒకటి

మా ఇంటి ముంగట ఒక సెడియా (మిత్సుబిషి లాన్సర్ సెడియా కారు) ఉంటది, ఇంటెనుక చింతచెట్టు కింద ఇంకొక సెడియా ఉంటది. ముంగటిది నడుస్తది. ఎనుకది నడవదు, దానికి రేడియేటర్ లేదు, ఎడమ పక్క హెడ్‌లైట్ లేదు, ఎనుక టైర్లు రెండు లేవు, సిమెంట్ ఇటుకల మీద కూసున్నది. ఇంటికొచ్చిన చుట్టాలు ముంగటిదాన్ని సక్కగ చూడను కూడ చూడరు గని ఎనుకదాని గురించి మాత్రం తప్పకుంట అడుగుతరు, "ఏమాయె బిడ్డా, యాక్సిడెంటా?" అని. కాదు పెద్దమ్మా, అది స్పేర్ల బండి అంటే ఎవరికి సమజ్ గాదు. అందుకే మొత్తం రాస్తున్న, ఇగ ఎవరడిగినా ఇదే చదువుకోమంట.

ఈ జపాన్ బండ్ల పిచ్చి పట్టింది నల్లగొండ ఎన్‌జీ కాలేజీల డిగ్రీ చదివేటప్పుడు. గడియారం సెంటర్ దగ్గర నెట్ సెంటర్ల గంటకు పదిహేను రూపాయలిచ్చి అందరు పాటలు ఎక్కించుకుంటుంటే నేను ర్యాలీ వీడియోలు చూసేటోన్ని. టామీ మాకినెన్ అని ఫిన్లాండ్ ఆయన, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ తోలి 1996 నుంచి 1999 దాక వరుసగ నాలుగేండ్లు వరల్డ్ ర్యాలీ ఛాంపియన్ అయిండు. మంచుల, బురదల, కంకర మీద ఆ బండి అడ్డం తిరుగుకుంట పోతుంటె నాకు తిప్పర్తి రోడ్డు దిగి మా ఊరికి మలిగే మొరం బాట యాదికొచ్చేది. ఈ బాట మీద అది ఎట్ల పోతుండెనో అని, నాయిన స్కూటర్ ఎనుక కూసొని కూడ అదే ఆలోచన.

సరే, ఉద్యోగమొచ్చింది (మిర్యాలగూడల రైస్ మిల్లుకు లెక్కలు చూస్త), నాలుగు పైసలు ఎనకేసిన, ఇగ కొందామంటే అసలు సంగతి తెలిసింది. వీడియోలల్ల చూసే నిస్సాన్ స్కైలైన్లు, టయోటా సుప్రాలు, పాత ఎవోలు (లాన్సర్ ఎవల్యూషన్లు) జపాన్‌ల అగ్గువకు దొరుకుతయని తెచ్చుకుంటమంటే కుదరదు. బయటికెళ్లి పాత బండి తేవాలంటే తయారై మూడేండ్లు దాటొద్దు, ముంబై పోర్టుకే రావాలె, ఇగ సుంకం బండి ధరనే మించిపోతది. అంటే మనసుపడే ఇరవై ఏండ్ల బండ్లన్ని గేటు బయటనే నిలబడ్డట్టు. మనకు మిగిలేది ఇక్కడ అమ్మిన జపాన్ బండ్లే. 1.5 వీటెక్ ఇంజిన్ పాత హోండా సిటీ, 106 హార్స్‌పవర్, ఇప్పటికీ దానికి భక్తులున్నరు. 2006ల వచ్చిన సివిక్, 1.8 ఇంజిన్, 132 హార్స్‌పవర్. ఇగ సెడియా. సిటీ మంచిది దొరకలె, దొరికినయన్ని ఎవడో ఒకడు కాలేజీ పిలగాడు సైలెన్సర్ కోసి ఖరాబ్ చేసినయే. సివిక్ నాకు మస్తిష్టం గని అది నేలకు ఆనుకొని పోయే బండి, మా ఊళ్ళె సర్పంచ్ ఎలక్షన్‌కు ఒకటి చొప్పున స్పీడ్ బ్రేకర్లు పెరిగినయి, నాలుగో దాని మీదనే కింద ఆయిల్ చాంబర్ పగులుతది. అట్ల సెడియా దగ్గర ఆగిన.

సెడియా అంటే సెంచరీ, డైమండ్ కలిపి పెట్టిన పేరు. మన దేశంల హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు చెన్నై పక్కన తిరువళ్ళూరుల తయారు చేసిన్రు, మనకు 2006ల వచ్చింది. 1999 సీసీ ఇంజిన్, 115 హార్స్‌పవర్. టర్బో లేదు. ఇయ్యాల రేపు ఒక లీటర్ టర్బో ఇంజినే 120 ఇస్తుంది, కాబట్టి కాయితం మీద చూస్తే నవ్వొస్తది, మా తమ్ముడు నవ్విండు కూడ. గని 2001ల వచ్చిన ఎవో 7ను ఈ సెడియా బాడీ మీదనే కట్టిన్రు. ఎనుక మల్టీ లింక్ సస్పెన్షన్, నాలుగు చక్రాలకు దేని సస్పెన్షన్ దానిదే. నేషనల్ ర్యాలీలల్ల ఏండ్లకేండ్లు ఈ బండ్లు ఏలినయి. పోస్టర్ మీది బండి కొనలేకపోతే దాని తమ్మున్ని కొనుక్కున్నట్టు, తమ్ముడైనా అదే ఇంటి రక్తం గదా.

2021, లాక్‌డౌన్ సడలించినంక. వనస్థలిపురంల ఒక పండ్ల (దంతాల) డాక్టర్ సార్ బండి, 2008 మోడల్, ఏపీ 09 నంబర్, వెండి రంగు, 78 వేల కిలోమీటర్లు అని చెప్పిండు, రెండు లక్షల ఇరవై వేలు. నేను ఒక్కన్ని పోతే ఆ రంగు చూసే పైసలిచ్చి వచ్చేటోన్ని, అందుకే దేవరకొండ రోడ్డు మెకానిక్ షెడ్డు భాయ్‌ని బతిమిలాడి తీస్కపోయిన. భాయ్ అంబాసిడర్ల కాలం మనిషి. "సెడియా నేనెన్నడు విప్పలే" అన్నడు, మల్ల ఆయనే "హిందుస్తాన్ బండే గదా, సూస్తా పద" అన్నడు. అంబాసిడర్ జేసినోళ్ళే ఇది జేసిన్రు కాబట్టి ఆయన లెక్కల రెండు అన్నదమ్ములే.

పోంగనే భాయ్ ఏం జేసిండంటె, బండి చుట్టు తిరగలే, బానెట్ మీద అరచెయ్యి పెట్టిండు. ఉడుకుగ ఉన్నది. "సార్, పొద్దుగాల స్టార్ట్ జేసిన్రా?" అంటే సార్ "ఆఁ, మీరొస్తున్నరని కొంచెం వేడి చేసి పెట్టిన" అన్నడు. భాయ్ నన్ను చెయ్యి పట్టి బయటికి గుంజుకొచ్చి "సల్లారినంక జూద్దాం, చాయ్ తాగుదాం పా" అన్నడు. మూడు గంటలు అక్కడే తిరిగినం. ఎందుకంటె ఇంజిన్ సల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని రోగం బయటపడ్తది, వేడి బండి ఏదైనా సక్కగనే నడుస్తదంట. సాయంత్రం స్టార్ట్ చేస్తే నీలం పొగ రాలే, కొంచెం ట్యాపెట్ చప్పుడు, అంతే. ఆయిల్ మూత తీసి కింద తెల్ల నురగ ఉన్నదా చూసిండు, లేదు. డోర్ల మీద, డిక్కీ మీద వేలు మడిచి కొట్టుకుంట వచ్చిండు, కుడి పక్క ఎనుక డోర్ దగ్గర చప్పుడు మారింది, అంటే సొట్ట మీద పుట్టీ పెట్టిన్రు. మీటర్ల 78 వేలున్నది గని క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనబడ్తుంది. భాయ్ ఏమనలే, నాకు చూపెట్టి కన్ను కొట్టిండు. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతోని కలిపి చూసినం, కలిసింది.

టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఉన్నదా అంటే సార్ దగ్గర లేదు. బిల్లు లేదంటె మార్చలేదనే లెక్క. ఆ బెల్ట్ తెగిందంటె వాల్వులు పిస్టన్ల మీద పడ్తయి, ఇగ ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే అని భాయ్ చెప్తుంటె సార్ మొఖం చిన్నబోయింది, పండ్ల గురించి ఆయన పేషెంట్లకు చెప్పే తీరుగనే ఉండె మరి. లక్షా ఎనభై ఐదుకు తెగింది. బ్యాంక్ లోన్ ఎప్పుడో కట్టేసినా ఆర్‌సీ మీది హైపోతికేషన్ (బండి మీద బ్యాంక్ హక్కు) కొట్టేపియ్యలేదు, పదకొండు చలాన్లున్నయి. చలాన్లు సార్ కట్టిండు, బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 పట్టుకొని తిరిగింది నేను, బండి నా పేరు మీదికి మారనీకి ఫారం 29, 30 సంతకాలు అన్ని అయ్యేసరికి రెండు నెలలు. ఎవరన్నా కొనేటట్టుంటె లోన్ ముచ్చట ముందు తేల్చుకోండి, పైసలు ఇచ్చినంక అమ్మినోనికి మనం గుర్తుకుండం.

ఇంటికి తెస్తే నాయిన చుట్టు తిరిగి చూసి ఒక్కటే మాట. "గా పైసలకు రెండు ముర్రా బర్లొచ్చేటియి." అమ్మ కొబ్బరికాయ కొట్టింది, పాపం.

మొదటి ఏడాదిల బండి ధరల సగం మల్ల దానికే పెట్టిన. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, ఇంజిన్ మౌంటింగులు, నాలుగు టైర్లు, ముంగటి షాకబ్జర్లు, కలిపి తొంభై ఐదు వేలు. పైసలు ఒక ఎత్తు, సామాను దొరకకపోవుడు ఇంకొక ఎత్తు. షోరూములు ఎప్పుడో మూసిన్రు, సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దుకాణం దుకాణం తిరిగితే "సెడియానా? ఇంకా ఉన్నదా మీ కాడ?" అని నన్ను మ్యూజియం నుంచి వచ్చినట్టు చూసిన్రు. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు దొరికినయి. ఎనుక సస్పెన్షన్ బుష్‌లు మాత్రం ఎక్కడ లేవు. అవి చివరికి దొరికింది షార్జాల. మా మేనబావ అక్కడ ఏసీ పని చేస్తడు, గల్ఫ్‌ల ఈ తరం లాన్సర్లు గల్లీకొకటి ఉండేవి కాబట్టి అక్కడి పాత సామాన్ల బజార్ల ఇట్ల అడిగితే అట్ల ఇచ్చిన్రంట. బావ వచ్చిన రోజు సూట్‌కేస్ తెరిస్తే మా అమ్మ ఖర్జూరాలనుకొని అందుకున్న కవర్ల నుంచి నల్ల రబ్బరు బుష్‌లు పడ్డయి. అక్క ఆ రోజు నాతోని మాట్లాడలే.

మైలేజ్ అడగొద్దు. అడిగినా చెప్త, ఊళ్ళె తొమ్మిది, హైవే మీద పన్నెండు. ఇప్పుడు బంకులల్ల ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలే వస్తుంది, ఈ బండి పుట్టినప్పుడు ఆ ముచ్చటే లేదు, అందుకే పెట్రోల్ రబ్బరు పైపులన్ని ముందే మార్పించిన. రోజు మిల్లుకు పోయేది బైక్ మీదనే. శనివారం మాత్రం సెడియా.

మరి ఎందుకీ తిప్పలు అంటే, ఏడాదికి రెండుమూడు సార్లు శ్రీశైలం పోతం. దేవరకొండ మీదుగ డిండి, అక్కడికెళ్లి మన్ననూర్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దుగాల ఆరు దాక అడవి గేటు మూసి ఉంటది, మేము ఆరింటికి గేటు కాడ ఉండేటట్టు చీకట్లనే బయలెల్లుతం. పులుల అడవి కాబట్టి లోపల ఉరకబెట్టుడు ఉండదు, ఉరకబెట్టొద్దు కూడ, జింకలు అడ్డమొస్తయి. గని దోమలపెంట దాటినంక డ్యామ్ దిక్కు దిగే మూల మలుపులు ఉంటయి చూడు, అక్కడ ఎనభై మీద పోవాల్సిన పనే లేదు, నలభై యాభైల మూడో గేర్ల తిప్పుతుంటేనే స్టీరింగ్ నుంచి రోడ్డు మీది రాయి రప్ప చేతికి తెలుస్తది, బండి ఎనుక భాగం మనెంబడి వస్తది గని మనల్ని లాగదు. ఎక్కేటప్పుడు నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటినంక ఇంజిన్ గొంతు మారుతది, అప్పటిదాక గుడి ముచ్చట్లు పెట్టే మా ఇంటామె సప్పుడు జేయకుంట కూసుంటది. ఇప్పటి బండ్లల్ల ఇంత కంటె స్పీడ్ ఉన్నది, నేను కాదన. మా తమ్ముని కొత్త ఎస్‌యూవీ నా దాన్ని హైవే మీద అలవోకగ దాటేస్తది. మూల మలుపుల కాడ మాత్రం వాడు బ్రేక్ తొక్కుతడు.

2023 ఎండాకాలం, నార్కట్‌పల్లి దాటి నల్లగొండ దిక్కు మలిగినంక వేడి ముల్లు పైకి లేచింది. ఆపి బానెట్ తీస్తే రేడియేటర్ పక్క ప్లాస్టిక్ ట్యాంక్ పగిలి ఆవిరి. తప్పు బండిది కాదు, నాది. కూలెంట్ తక్కువైతే రెండుసార్లు పొలం కాడి బోరు నీళ్ళు పోసిన, లోపలంత సున్నం పట్టి గడ్డ కట్టింది. భాయ్ తిట్టిన తిట్టు ఇంకా చెవులల్ల ఉన్నది, "మన నల్లగొండ బోరు నీళ్ళు మనుషుల బొక్కలే వంచినయ్ రా, రేడియేటర్ ఎంత?" నిజమే, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టేంత పేరున్న నీళ్ళు మనయి. మిర్యాలగూడల లారీ రేడియేటర్లు చేసే ఆయన దగ్గరికి పోతే ఇత్తడైతె మాటేస్త గని ప్లాస్టిక్‌కు ఏం జెయ్యాలె అన్నడు. నెలన్నర బండి కదలలే. అదే ఏడాది పదిహేనేండ్లు నిండి రీ-రిజిస్ట్రేషన్ కూడ ఎదురొచ్చింది, ఒకప్పుడు ఆరు వందలుండే ఫీజు 2022 నుంచి ఐదు వేలు చేసిన్రు, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. ఇగ అమ్మేద్దామా అని మొదటిసారి అనుకున్నది అప్పుడే.

అప్పుడు కోదాడ నుంచి ఫోన్. మా మిల్లుకు వడ్లు తెచ్చే ఒక డ్రైవర్‌కు చెప్పి పెట్టిన, నీ అసొంటి బండి ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ ఇంటి ముంగట ఐదేండ్ల నుంచి పడున్నదని ఆయన కనుక్కున్నడు. ఇంజిన్ బిగుసుకపోయి తిరుగుతలేదు, ఎలుకలు వైర్లు కొరికినయి, గని రేడియేటర్ చుక్క కారలే. పోయేటప్పుడు నాయిన నేనూ వస్త అన్నడు, ఎందుకో నాకు తెల్వదు. సార్ అరవై వేలన్నడు. నాయిన అంగట్ల ఎడ్లను చూసినట్టు దాని చుట్టు మూడు సార్లు తిరిగి, టైర్ మీద తన్ని, "ఇది లెవ్వదు సార్, మోస్కపొయ్యేది మేమే" అని నలభై ఐదుకు తెంపిండు, మీదికెళ్లి దాని మీద కప్పిన తాడిపత్రి కూడ అడిగి తీసుకున్నడు. ఆర్‌సీ సరెండర్ చేపిచ్చి, డీసీఎం కట్టి ఇంటికి తెచ్చినం.

దాని రేడియేటర్ ముంగటి దానికి ఎక్కింది. తర్వాత హెడ్‌లైట్, కిటికీ అద్దం మోటర్, మొన్న పవర్ స్టీరింగ్ పైపు. పోయిన ఆదివారం కుడి పక్క ఎనుక డోర్ విప్పుదామని పానాలు పట్టుకొని పోయిన, ముంగటిదాని పుట్టీ డోర్ తీసేసి అది ఎక్కిద్దామని. నాయిన పశువుల కొట్టం నుంచే అరిసిండు, "డోర్ ముట్టకు, లోపల కోడి పొదిగింది, ఇంక పది రోజులాగు."