మంగళవారం, హైదరాబాద్ దిగువన మూసీ మీది ప్రతాపసింగారం కత్వ (ఏటి అడ్డుకట్ట) దగ్గర

కత్వ కింద నురగ దూదిపింజల్లా లేచి, గాలికి పక్కన గడ్డిమళ్ల మీద పడుతోంది. ఫొటోకు మంచి చోటే గానీ కాలుష్యం కొలిచే నీటి నమూనాకు పనికిరాదు. దూకే నీళ్లు గాలిని కలుపుకుంటాయి; అక్కడ సీసా ముంచితే చచ్చిన మూసీ కూడా బతికున్నట్టే లెక్క వస్తుంది. అందుకే కత్వకు ఎగువన, నడి ఏట్లోంచి, జానెడు లోతున తీయాలి. బకెట్‌తో తోడి సీసాలోకి ఒంపినా అదే తప్పు. గొట్టం సీసా అడుగుకంటా దించి, రెండు మూడింతల నీళ్లు పొర్లిపోనివ్వాలి.

నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సీసా 300 మి.లీ.ది. ఒడ్డునే 2 మి.లీ. మాంగనీస్ సల్ఫేటు, 2 మి.లీ. క్షార అయొడైడ్-అజైడ్ వేసి, బుడగ మిగలకుండా బిరడా పెట్టి తలకిందులు చేస్తే మడ్డి దిగుతుంది. గోధుమరంగైతే ఆక్సిజన్ ఉన్నట్టు. విరిగిన పాలలా తెల్లగా ఉంటే ఇక బ్యూరెట్ (చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం) పట్టుకోనక్కర్లేదు, సున్నా. స్నానానికైనా పనికి రావాలంటే లీటరుకు 5 మి.గ్రా. ఉండాలి.

సీఓడీ (మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, పీహెచ్ 2 లోపుకు దిగేదాకా. బీఓడీ (సూక్ష్మజీవులు మురికిని తినడానికి వాడుకునే ఆక్సిజన్) సీసాలో చుక్క కూడా పడకూడదు. హడావుడిలో దానిలోనూ పోస్తే సూక్ష్మజీవులు చచ్చి, నది శుభ్రంగా ఉన్నట్టు కాగితం మీదికెక్కుతుంది. రెండూ ఐసుపెట్టెలోకే.

ల్యాబులో బీఓడీకి మూడు పలుచనలు: సీసాకు 3, 6, 15 మి.లీ. మూసీ నీళ్లు, మిగతాది పలుచన చేయడానికి వాడే నీళ్లు. పలుచన లెక్క కలిపాక మూడూ దాదాపు ఒకే అంకె చెప్పాలి. పలుచన చేసినకొద్దీ బీఓడీ పెరుగుతూ పోతే నీళ్లలో విషం ఉన్నట్టు అనుమానించాలి; చిక్కగా ఉన్న సీసాలో క్రిములు తినలేకపోయాయన్నమాట. ఒక్క పలుచనతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

సీఓడీని బీఓడీతో భాగిస్తే పచ్చి మురుగుకు ఇంచుమించు 2 వస్తుంది. 4 దాటితే అందరి వేలూ ఫ్యాక్టరీల వైపే. తొందరపడొద్దు. పైన అంబర్‌పేట, నాగోలు శుద్ధి కేంద్రాలున్నాయి. అక్కడ బీఓడీ ముందే తినేయబడి వస్తుంది కాబట్టి శుద్ధి అయిన నీళ్లకూ నిష్పత్తి పెరుగుతుంది. కేంద్రం బయటి కాలువలో ఇంకో సీసా పట్టకుండా ఎవరినీ అనలేం.

బీఓడీ సీసాలు ఉంచే ఇంక్యుబేటర్ (ఒకే వేడి నిలిపే పెట్టె) 27 డిగ్రీల దగ్గర ఉంది. సీసాల నోళ్లకు నీటి ముద్ర ఆరకుండా పైన కప్పులు బోర్లించాలి. మూడు రోజులకు, శుక్రవారం ఇదే వేళకు తెరవాలి.