మట్టకు ఐదు ముడులు

“అతడు మోకాళ్లూని, ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుమని గొప్ప శబ్దముతో పలికెను.” (అపొస్తలుల కార్యములు 7:60)

1871 సెప్టెంబరు 20 ఉదయం, పసిఫిక్ సముద్రంలో ‘సదరన్ క్రాస్’ ఓడ మీద బిషప్ జాన్ కోల్‌రిడ్జ్ ప్యాటిసన్ తన శిష్యులకు బోధించింది స్తెఫను మరణం గురించే. తనను రాళ్లతో కొట్టి చంపుతున్నవాళ్ల కోసం స్తెఫను చేసిన ప్రార్థనే పై వాక్యం. అదే రోజు నుకపు అనే చిన్న దీవిలో ఆయన్ని చంపేశారు. అప్పటికి ఆయన వయసు 44.

ఇంగ్లండులో జడ్జిగారి అబ్బాయి. 1855లో బిషప్ సెల్విన్ వెంట న్యూజిలాండ్ వెళ్లి, 1861లో పసిఫిక్‌లోని మెలనేషియా దీవులకు మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. ఇరవైకి పైగా దీవుల భాషలు నేర్చుకున్నారు. నార్‌ఫోక్ దీవి బడిలో పిల్లలకు ఇంగ్లీషులో కాదు, వాళ్ల దీవుల్లోనే ఒకటైన మోటా భాషలో చదువు చెప్పించారు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే. కొత్త దీవి దగ్గరికి వెళితే పడవను దూరంగా ఆపి, ఒంటరిగా ఒడ్డుకు వెళ్లేవారు.

ఆ రోజుల్లోనే ఫిజీ, క్వీన్స్‌ల్యాండ్ తోటల్లో పనికి మనుషుల్ని పట్టుకెళ్లే ఓడలు ఆ దీవుల చుట్టూ తిరిగేవి. కొందరైతే బిషప్పు ఓడేనని నమ్మించి ఎక్కించుకునేవారట. (తర్వాత 1903 నుంచి మన తెలుగువాళ్లు కూడా మద్రాసు రేవులో ఓడెక్కి అదే ఫిజీకి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లారు.) నుకపు నుంచి అలా ఐదుగురిని ఎత్తుకెళ్లారనీ, ఆ పగే బిషప్పు మీద తీరిందనీ చెబుతారు. ఆయన శరీరాన్ని చాపలో చుట్టి, చిన్న పడవలో పెట్టి నీళ్లలోకి వదిలారు. రొమ్ము మీద ఒక మట్ట ఉంది. దాని ఆకులకు ఐదు ముడులు.

మట్టల ఆదివారం నాడు చేతిలోకి మట్ట తీసుకున్నప్పుడల్లా నాకు ఆ ముడులే గుర్తొస్తాయి.

ఆ శరీరాన్ని తెచ్చింది ఆయనతో వచ్చిన మిషనరీ జోసెఫ్ అట్కిన్. అప్పటికే ఆయనకు బాణం దిగింది. అయినా మళ్లీ పడవెక్కి వెళ్లారు. కొద్ది రోజులకే ఆయన, ఆ దీవుల యువకుడు స్టీఫెన్ తరోనియారా ధనుర్వాతంతో చనిపోయారు. ఆ కుర్రాడి పేరు కూడా స్తెఫనే.

‘మోపకుము’ అనే మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. మోపడమంటే బరువు నెత్తిన పెట్టడం. ఓడలవాళ్లు కట్టిన మోపు వాళ్ల నెత్తిన పడలేదు, దీవివాళ్లను ప్రేమించిన మనిషి నెత్తిన పడింది. ఆ తర్వాత ఆ నవంబరులో బ్రిటిష్ యుద్ధనౌక రొజారియో నుకపు మీద కాల్పులు జరిపింది. ఆ ఉదయం పాఠంలో ఉన్న ప్రార్థన ఏమిటి, ఫిరంగులు చేసిన పని ఏమిటి! తలుచుకుంటే మనసు కలిచివేస్తుంది. మరుసటి ఏడాది, 1872లో, అలా మనుషుల్ని ఎత్తుకెళ్లడానికి అడ్డుకట్టగా బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది.

ఏటా సెప్టెంబరు 20న ఈ వాక్యం చదువుకుని బిషప్పుగారి కోసం దేవునికి స్తోత్రం చెబుతాను. తర్వాత ఆ ఐదుగురి కోసం, వాళ్ల కోసం ఒడ్డున ఎదురుచూసిన ఇళ్లవాళ్ల కోసం మోకాళ్లూనుతాను.