తెరిచినప్పుడే జతపడే నెట్‌వర్క్ ఫోల్డర్

ఇంటి సర్వర్‌లో దాచుకున్న ఫొటోల ఫోల్డర్ నా లినక్స్ కంప్యూటర్‌లో దానంతట అదే జతపడాలని, మొదట ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో (ఏ డిస్కు, ఏ ఫోల్డర్ ఎక్కడ జతపడాలో రాసే ఫైలు) ఒక వరుస రాసి ఊరుకున్నాను. వైఫై ఇంకా కలవకముందే కంప్యూటర్ ఆ సాంబా షేరు (సర్వర్ నెట్‌వర్క్‌లో పంచుకునే ఆ ఫోల్డర్) కోసం వెతికి విఫలమయ్యేది. లోపలికి వెళ్లి చూస్తే ఫోల్డర్ ఖాళీగా ఉండేది. ఫొటోలన్నీ పోయాయేమోనని మొదటిసారి నిజంగా భయపడ్డాను.

ఆ వరుసకు సిస్టమ్‌డీ (లినక్స్ ప్రారంభాన్ని, సేవలను నడిపే ప్రోగ్రామ్) అందించే ఆటోమౌంట్ ఆప్షన్ చేర్చడమే సరైన మార్గమని నా అభిప్రాయం. అప్పుడు కంప్యూటర్ ప్రారంభమయ్యేటప్పుడు సర్వర్‌ను అసలు సంప్రదించదు. ఎవరైనా ఆ ఫోల్డర్‌ను తెరిచిన క్షణంలోనే అనుసంధానం జరుగుతుంది. దానితోపాటు నోఫెయిల్ కూడా రాస్తే, సర్వర్ ఆపేసి ఉన్న రోజున కూడా కంప్యూటర్ ఇబ్బంది లేకుండా ప్రారంభమవుతుంది.

పాస్‌వర్డ్‌ను మాత్రం ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయకూడదు, ఎందుకంటే ఆ ఫైలును కంప్యూటర్‌లోని ప్రతి వినియోగదారుడూ చదవగలడు. దానిని వేరే ఫైలులో ఉంచి, రూట్‌ను (కంప్యూటర్‌పై పూర్తి అధికారం ఉన్న ఖాతా) యజమానిగా చేసి, అనుమతులను 600కు (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) మార్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ ఫైలు చిరునామా మాత్రమే ఇవ్వాలి. ఫైళ్లు తెరుచుకుంటున్నా మార్పులు సేవ్ కాకపోతే, మీ యూఐడీ సంఖ్యను (లినక్స్ మీ ఖాతాకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య) ఆ వరుసలో చేర్చారో లేదో చూడండి.